పాటను ఖాళీ చేయించిన విధము

మా పక్కింటి పైడమ్మొదిన చెప్పిందాన్ని బట్టి చూస్తే, టౌన్లో డిగ్రీ కాలేజీకి కొత్త మిషనొకటి వచ్చింది. పిల్లల బుర్రల్లోంచి పాటలు లాగేసే మిషను. పైడమ్మొదిన దాన్ని చూళ్ళేదు. పాలకేంద్రం దగ్గర క్యాన్లు తోమే కాంతమ్మ ఆవిడతో చెప్పింది. కాంతమ్మా చూళ్ళేదు. కాకపోతే కాంతమ్మ మరిది కొడుకు రోజూ ఆ కాలేజీ గోడ పక్కనుంచే ఆటో తోలుకెళ్తాడు కాబట్టి అతని మాట కొట్టిపారెయ్యడానికి లేదు.

"దుంపలోళ్ళ హైమని కుర్చీలో కూకోబెట్టీసి, చెవుల కాడ వైర్లెట్టీసి, వాళ్ళమ్మమ్మ పాటంతా పీకీసినారట. ఆ గుంట ఇప్పుడు ఊ అనదట, ఆ అనదట. నువ్వు ఆ కాలేజీ కమిటీలోనే ఉన్నావు గదా మరిదీ, నీకు తెలీకుండానే జరిగిందేటి?" అంది గోడ మీదనుంచి మెడ సాచి.

మిషనూ లేదు, వైర్లూ లేవు అన్నాను.

"మిషను లేకుండా ఎలగ తీసీనారు మరి?"

ఉత్తర్వుతో తీశారు అన్నాను. ఆవిడ నమ్మలేదు. మిషనైతే నమ్మేది.

ఆ కాలేజీలోనే నేనూ బి.ఏ. వెలగబెట్టాను. చదివినవాడు ఊళ్ళో వ్యవసాయం చేస్తున్నాడంటే ఖాళీగా ఉన్నట్టేనని అందరికీ ఒక నమ్మకం. అందుకని మావాడు అక్కడ చేరినప్పుడు నన్ను తల్లిదండ్రుల ప్రతినిధిగా కమిటీలో వేశారు. మావాడు చదువు ముగించి వెళ్ళిపోయాడు. నన్ను తీసెయ్యాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మీటింగుకి వెళ్తాను, బిస్కట్లు తింటాను, చూపించిన చోట సంతకం పెడతాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా నేను కళ్ళారా చూసిందే.

హైమ మా ఊరి పిల్ల. బి.ఏ. ఆఖరేడు. వాళ్ళ అమ్మమ్మ ఎర్రమ్మ జముకు వాయించి కథలు పాడేది. జముకంటే గుమ్మెటలాంటి చిన్న వాయిద్యం, తోలుకి తీగ కట్టి ఉంటుంది. ఆ తీగ మీటితే లోపల ఎవరో మూలిగినట్టు ఉంటుంది. ఎర్రమ్మ ఎన్ని పాడినా జనం చివర్న అడిగేది ఏటి పాటే. మా ఏరు గట్లు తెంచుకుని ఊళ్ళ మీద పడిన సంవత్సరం గురించి ఆవిడే కట్టుకుంది. మొదలెడితే గంట పడుతుంది. అది మొత్తం వచ్చింది ఇద్దరికే, ఆవిడకి, పక్కన కూర్చుని వంత పాడే మనవరాలికి. మధ్యలో హైమ తల్లి సూరమ్మకి గొంతు రాలేదు. "మా అమ్మ గొంతు నన్ను దాటీసి ఎల్లిపోనాది" అంటుంది ఆవిడ.

మొన్నామధ్య ఒక టీవీ చానెల్ వాళ్ళొచ్చి మా కళ్ళంలో ఎర్రమ్మని కూర్చోబెట్టి ఆ పాట తీసుకెళ్ళారు. ఎప్పుడు వేస్తారంటే చెబుతామన్నారు. వాళ్ళు వేసేనాటికి ఎర్రమ్మ లేదు. వేసిన సాయంత్రం మా ఊళ్ళో కరెంటూ లేదు. టౌన్లో ఉండే లక్ష్మున్నాయుడు మాస్టారు మాత్రం చూసి, రికార్డు చేసి, పెన్‌డ్రైవులో పెట్టుకున్నారు. ఆయన హైమకి తెలుగు చెబుతారు. ఆఖరేడు పిల్లలకి జానపద సాహిత్యం పేపరుంది.

ఆయన ఆ పెన్‌డ్రైవు జేబులో వేసుకెళ్ళి, క్లాసులో టీవీకి పెట్టి, చూపించేసి, మళ్ళీ జేబులో వేసుకుని వచ్చేస్తే ఈ కథ లేదు. ఆయన చేసిన తప్పల్లా అనుమతి అడగడం.

అడిగిన వేళావిశేషం కూడా అలాంటిది. ఆ వారమే పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. ప్రిన్సిపాల్ తారకేశ్వరరావు గారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మీటింగులో లేచి నిలబడి చదివారు. "టెలివిజన్ ప్రసారముల రికార్డులను తరగతి గదులయందు ఉపయోగించుటకై మార్గదర్శకములు. సదరు రికార్డును ఒక తరగతికి ఒక్కమారు మాత్రమే చూపవలెను. ఎట్టి మార్పులు చేయరాదు. బోధకుడు, విద్యార్థులు తప్ప అన్యులు వీక్షించరాదు. గడువు ముగిసిన పిమ్మట సదరు కార్యక్రమపు ప్రతి ఏ రూపములోనైనను, ఎవరి వద్దనైనను మిగిలి ఉండరాదు."

రూలులో తప్పేమీ లేదు. ఒకరి కష్టం ఇంకొకరు దోచుకోకూడదని ఎవరో మంచిమనిషి, బుద్ధిగా ఆలోచించే రాసుంటాడు. అది నడుచుకుంటూ మా కాలేజీ దాకా వచ్చింది, అంతే.

"ఈ విషయమై మనకు నిపుణుల మార్గదర్శకత్వం అవసరం" అన్నారు ప్రిన్సిపాల్. అలా వచ్చారు విశ్వంభరం గారు. రిజిస్ట్రారాఫీసులో దస్తావేజులు రాయించీ రాయించీ రిటైరయ్యారు. ఇప్పుడు కాలేజీకి మేధోహక్కుల సలహాదారు. ఆయన వచ్చీ రాగానే మా భయం పోగొట్టారు.

"కాపీరైటంటే బ్రహ్మపదార్థం కాదండీ. అదొక స్థలం. కనపడదు, అంతే తేడా. స్థలమన్నాక నాలుగు హద్దులుంటాయి, హక్కుదారుడుంటాడు, అనుభవదారుడుంటాడు, ఆక్రమణదారుడూ ఉంటాడు. మీరు నిశ్చింతగా ఉండండి."

అందరం తలలూపాం. స్థలమంటే మా మండలంలో తెలియనివాడు లేడు.

పాట చూపించిన రోజు నన్నూ రమ్మన్నారు. తీరా వెళ్తే నేను అన్యుల కిందకి వస్తానని గుమ్మం బయట బెంచీ వేశారు. తలుపు ఓరగా ఉండటంతో లోపల జరిగేది కనిపిస్తూనే ఉంది. కిటికీ తలుపులన్నీ మూయించారు. కాలేజీ వెనక గేదెలు మేపుకునేవాళ్ళు తొంగిచూస్తే బహిరంగ ప్రదర్శన అయిపోతుందట. టీవీ స్విచ్చి వెయ్యడానికి అటెండరు సింహాచలం ఉండాలి. కానీ సింహాచలం విద్యార్థి కాడు. విశ్వంభరం గారు ఆలోచించి అతన్ని గోడవైపు తిరిగి నిలబడమన్నారు.

"చెవులో సార్?" అన్నాడు సింహాచలం.

"చెవులు కూడా అటే తిప్పుకో."

సింహాచలం తిప్పుకున్నాడు. ప్రభుత్వ నౌకరీలో అంతకంటే కష్టమైనవి చేశాడు.

పాట మొదలైంది. బెంచీ మీదికి వినపడుతూనే ఉంది. నేను వినకుండా ఉండడానికి నా శాయశక్తులా ప్రయత్నించానని తర్వాత రాసిచ్చాను.

*ఏరు మా ఇంటికి చుట్టమై వొచ్చింది*
*పీటేసి కూకోమంటే ఇల్లే పీట సేసుకుంది*

మాస్టారు "ఒక్క నిమిషం ఆపుదాం, ఇక్కడొక విషయం చెప్పాలి" అన్నారు. ఆపితే మార్పు చేసినట్టేనని విశ్వంభరం గారన్నారు. మాస్టారు పాట మీదనుంచి అరిచి చెప్పబోయారు. గొంతు కలిపితే అదీ మార్పేనన్నారు. మాస్టారు కూర్చున్నారు.

సగంలో కరెంటు పోయింది.

కిటికీలు మూసి ఉన్నాయి కదా, గదంతా చీకటి. ఎర్రమ్మ ఒక మాట సగంలో ఆగిపోయింది. ఆ సగం మాట ఇంకా గదిలో ఉండగానే, వెనక బెంచీలోంచి హైమ అందుకుంది. అనుకుని అందుకోలేదు. వంత పాడే అలవాటు, అంతే. అదే గొంతు, అదే విరుపు, అమ్మమ్మ ఊపిరి తీసుకునే చోటే ఊపిరి. కాసేపటికి కరెంటు వచ్చింది. టీవీలో ఎర్రమ్మ వదిలిన చోటునుంచి మళ్ళీ మొదలెట్టింది. హైమ అప్పటికే చాలా ముందుకెళ్ళిపోయి ఉంది. అమ్మమ్మ మొహం చూసి ఆగి, చున్నీ నోటికడ్డం పెట్టుకుంది. చనిపోయాక ఆవిడ్ని చూడటం ఆ పిల్లకా రోజే మొదలు.

పాట అయ్యాక అందరూ మాస్టార్ని చూస్తుంటే విశ్వంభరం గారు హైమని చూస్తున్నారు. నా బెంచీ దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు. "గమనించారా? ఆ పిల్ల దగ్గర కాపీ ఉంది."

గడువు కాగానే పెన్‌డ్రైవుని నాశనం చేశారు. చెరిపేస్తే చాలదా అని మాస్టారు అడిగారు. చెరిపిన చోట మళ్ళీ మొలుస్తాయని కంప్యూటర్ ల్యాబు కుర్రాడెవరో చెప్పాడట. క్యాంటీన్లో ఇడ్లీపిండి రుబ్బే రోట్లో వేసి, పొత్రంతో పంచుల సమక్షంలో నలగ్గొట్టారు. పంచనామా రాశారు, ఫోటో తీశారు. నేను సాక్షి సంతకం పెట్టాను. మర్నాడు క్యాంటీన్లో ఇడ్లీ ఎవరూ తినలేదు.

"ఇక మన కాలేజీలో ఒక్క ప్రతి కూడా లేదు" అన్నారు ప్రిన్సిపాల్ చేతులు దులుపుకుంటూ.

"ఉంది" అన్నారు విశ్వంభరం గారు. "ఏ రూపములోనైనను అని ఉంది సార్ సర్క్యులర్లో. పెన్‌డ్రైవు రూపంలో ఒకటి పోయింది. తలల రూపంలో క్లాసు క్లాసంతా ఉంది."

ప్రిన్సిపాల్ కూర్చుండిపోయారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. "తలల్ని... రోట్లో..." అన్నారు.

"అబ్బే, అంత అవసరం లేదు. చానెలు వారి స్థలంలో వీళ్ళు ఒక గంట ఉండటానికి అనుమతి ఉంది. గడువయ్యాక కూడా ఆ స్థలాన్ని అట్టిపెట్టుకుంటే దాన్నేమంటాం? ఆక్రమణ అంటాం. ఆక్రమణ అయితే ఏం చేస్తాం? నోటీసిచ్చి ఖాళీ చేయిస్తాం. నోటీసు పాటకివ్వాలి. పాట పుచ్చుకోదు కనక, పాట ఉన్న తలకివ్వాలి."

"మరిచిపోమని నోటీసిస్తే మరిచిపోతారా అండీ ఎవరైనా?" అన్నారు మాస్టారు.

"నాయుడు గారూ, మీరు ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. నోటీసు లేకుండానే మరిచిపోవడం లేదా?"



ఆ విధంగా ఖాళీ పరీక్ష పుట్టింది. పిల్లలు దాన్ని మరపు పరీక్ష అన్నారు. ఒక్కొక్కర్నీ పిలిచి పాట గురించి అడుగుతారు. తెలీదు అంటే పాసు. తెలుసంటే ఫెయిలు. ఫెయిలైనవాళ్ళకి జానపద సాహిత్యం మార్కులు ఆపుతారు. మొదటిరోజే కాలేజీ చరిత్రలో లేనంత ఫలితాలొచ్చాయి. టీవీ ముందు మొదటినుంచి చివరిదాకా గురకపెట్టిన తిరుపతిరావనే కుర్రాడికి డిస్టింక్షన్ ఇచ్చారు. అతన్ని వేదిక మీదికి పిలిచి ఇంత స్వచ్ఛంగా ఎలా మరిచిపోగలిగావని అడిగితే, "నాకు మొదట్నుంచీ అలవాటేనండి" అని వినయంగా చెప్పాడు.

చిక్కు ఒక్కటే వచ్చింది. అసలు పరీక్షలో జముకుల కథను సోదాహరణంగా వివరించమని ప్రశ్న పడింది. బాగా రాస్తే పాట దగ్గరున్నట్టు రుజువు, రాయకపోతే తెలుగు ఫెయిలు. ప్రిన్సిపాల్ దీనికి సామరస్యపూర్వకమైన పరిష్కారం కనిపెట్టారు. రాయనివాళ్ళని తెలుగులో పాస్ చేశారు. రాసినవాళ్ళ పేపర్లు విచారణకి పంపారు. రాసింది ఒక్క హైమే.

కాలేజీ ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్ వాళ్ళు వారం తిరక్కుండా బోర్డు మార్చారు. మరపులో మావాళ్ళే ప్రథములు అని. ఏం చెబుతున్నార్రా అని వెళ్ళొచ్చిన పిల్లల్ని అడిగాను. పాత సిలబస్సే, పాత పద్ధతే, బాగా పనిచేస్తోందన్నారు.

హైమకి బి.ఇడి. ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. టీచరవ్వాలని ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ అంటోంది. సీటు వచ్చినట్టే, డిగ్రీ పాసైనట్టు కాగితం ఒక్కటే తరవాయి. కౌన్సెలింగు తారీఖు పేపర్లో పడింది. సూరమ్మ ఆ పేపరు ముక్క పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"బావూ, నువ్వు రా నాతోటి. నానొక్కద్దాన్నీ ఆ పెద్దమడుసుల ముందర మాటాడనేను" అంది. తర్వాత తేలిందేమిటంటే, ఆవిడ బాగానే మాట్లాడగలదు.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో. విశ్వంభరం గారు కళ్ళజోడు తుడుచుకుని మృదువుగా మొదలెట్టారు.

"చూడమ్మా హైమావతీ, మేం అన్యాయం చెయ్యం. మీ ఇంటి దగ్గర మీ అమ్మమ్మ పాడగా విన్న పాట నీది. పిత్రార్జితం. దాని జోలికి మేం రాం. టీవీలో చూసిన పాట చానెలు వారిది. అది ఖాళీ చెయ్యాలి."

"రెండూ ఒకటే పాట కద సార్."

"పాట ఒకటే. హక్కులు రెండు."

"రెండూ మా అమ్మమ్మే పాడింది సార్."

"పక్కపక్క స్థలాలమ్మా. హద్దు రాళ్ళు లేకపోవడం వల్ల నీకలా అనిపిస్తోంది. పాతుకుందాం. రెంటికీ తేడా ఏమిటో చెప్పు. టీవీలో ఎలా పాడింది?"

హైమ బుద్ధిగా ఆలోచించింది. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం అప్పటికింకా అలవాటు కాలేదు. "ఇల్లే పీట సేసుకుంది అన్నకాడ దగ్గింది సార్."

విశ్వంభరం గారు ఉత్సాహంగా రాసుకున్నారు. "దగ్గు. మంచిది. మరి ఇంటి దగ్గర?"

"ఇంటికాడా అక్కడే దగ్గేది సార్. ఆ నీళ్ళు తల్చుకుంటే దగ్గొచ్చేది."

విశ్వంభరం గారు రాసింది సరిదిద్దారు. "దగ్గు ఉమ్మడి."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ సూరమ్మ లోపలికొచ్చేసింది. "బావూ, మా అమ్మ పాట నా కూతురు బుర్రలో ఉంటే మీకేటొచ్చిన బాధ? దాని బుర్ర మీ జాగా ఏటి, కొలిపించీడానికి? ఆ టీవీ ఓలు మా కళ్ళంలోకొచ్చి తీసుకెల్లినారు. అప్పుడు ఏ రాళ్ళు పాతినారో సూపించండి!"

"అమ్మా, భావోద్వేగాలకు ఇది వేదిక కాదు" అన్నారు ప్రిన్సిపాల్.

"అది కాకపోతే మరేటికి వేదికో సెప్పండి!"

నేను ఆవిడ్ని కూర్చోబెట్టాను. విశ్వంభరం గారు మాత్రం నొచ్చుకోలేదు. జీవితమంతా స్థలాల తగాదాల్లో ఇంతకంటే పెద్దమాటలే పడ్డారు. చివరికి తీర్పు చెప్పారు. హద్దులు తేలనందున పాట యావత్తూ వివాదాస్పదం. వివాదాస్పద స్థలంలో ఎవరూ ఉండకూడదు. అంచేత పిల్ల రెండు పాటలూ ఖాళీ చెయ్యాలి. చేసినట్టు పరీక్షలో రుజువైన రోజునే మార్కులు విడుదల.

మాస్టారు తను మొత్తం తప్పు నెత్తినేసుకుంటానన్నారు. ఆయన కాంట్రాక్టు లెక్చరరు. ఆయన తప్పు వేరే ఫైలులో అప్పటికే ఉందన్నారు ప్రిన్సిపాల్.

బస్సులో సూరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే నస. "తెలీదని సెప్పీయే. నోటి మాటే గదా. మా అమ్మ ఏటీ అనుకోదు. సెప్పీసి సీటు తెచ్చీసుకో."

 హైమ కిటికీ వదిలి నావైపు తిరిగింది. "తెలీదని చెప్పడం పెద్ద పని కాదు బాబాయ్. మాస్టారన్నారు, ఆ విశ్వంభరం గారు కావాలని తప్పు పాడతారట. పాట వచ్చినవాళ్ళు ఊరుకోలేరట. అక్కడ దొరికిపోతారట."

అలాగే జరిగింది. పరీక్ష రోజున గది నిండా జనం. హైమని మధ్యలో కూర్చోబెట్టారు. పైడమ్మొదిన చెప్పిన కుర్చీ ఇదే అయ్యుంటుంది. వైర్లు లేవు.

"ఏటి పాట తెలుసా?"

"తెలీదండి."

"ఎవరు పాడారు?"

హైమ తల్లి వైపు చూళ్ళేదు. "తెలీదండి."

విశ్వంభరం గారు గొంతు సవరించుకుని అందుకున్నారు. ఆయన పాడటం నేనదే వినడం. గేటు బయట గేదెలు కూడా తలెత్తాయి.

"ఏరు మా ఊరికి ఆఫీసరై వచ్చిందీ... కుర్చీ వేసి కూర్చోమంటే..."

అక్కడ ఆపి పిల్ల మొహంలోకి చూశారు. కుర్చీ అన్నప్పుడు హైమ మెడ మీద నరం కదిలింది. పెదవి లోపలికి లాక్కుని పళ్ళకింద పెట్టుకుంది. ఆయన రెండోసారి పాడారు. ఈసారి సోఫా వేశారు. సూరమ్మే ఆగలేక ఏదో అనబోతే చీర కొంగు తీసుకుని ఆవిడ నోటికి నేనే అందించాను. మూడోసారి ఆయన పాటని ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

హైమ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి గానీ నోట్లోంచి మాట రాలేదు.

"ఖాళీ!" అని ప్రకటించారు విశ్వంభరం గారు. ప్రిన్సిపాల్ లేచి చప్పట్లు కొట్టారు. మార్కులు విడుదల చేశారు. ఖాళీ చేసినట్టు, ఇకమీదట ఏ రూపములోనైనను అట్టిపెట్టుకోబోనట్టు హైమ చేత సంతకం పుచ్చుకున్నారు. ఆ పిల్ల పెదవి మీద పంటిగాటు చాన్నాళ్ళుంది. పైడమ్మొదిన చూసింది అదే. మిషను గాటనుకుంది.

కౌన్సెలింగు అయింది, సీటొచ్చింది. చేరడానికి అసలు సర్టిఫికెట్లు తెచ్చుకోవాలని హైమ కాలేజీకి బయల్దేరిన రోజున, నాకూ మీటింగు ఉంటే ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. వెళ్ళేసరికి కాలేజీ ముందు టీవీ చానెలు వ్యాను.

ప్రిన్సిపాల్ గారి ఆనందం చెప్పనలవి కాదు. తమ హక్కుల్ని ఇంత నిష్ఠగా కాపాడిన కాలేజీని సన్మానించడానికి చానెలు వారే దిగివచ్చారనుకున్నారు. సింహాచలాన్ని దండకి పరిగెత్తించారు. చానెలు ఆఫీసర్ని స్వయంగా క్యాంటీన్లోకి తీసుకెళ్ళి రుబ్బురోలు చూపించారు. పంచనామా చూపించారు. ఫోటో చూపించారు.

"మీ కార్యక్రమం ఒక్క ముక్క కూడా ఈ ఆవరణలో మిగల్చలేదండీ" అన్నారు గర్వంగా.

ఆ ఆఫీసరు రోట్లోకి వంగి చూశాడు. లేచేటప్పటికి అతని మొహంలో రంగు లేదు.

విషయం ఏమిటంటే, ఎర్రమ్మ పాటని రాష్ట్ర సాంస్కృతిక సంపదగా ప్రకటిస్తున్నారు. పెద్ద సభ. మంత్రులొస్తారు. ఆ సభలో పాట మేం వినిపిస్తామని చానెలు వాళ్ళు మాటిచ్చి, ప్రకటనలు కూడా వేసేశారు. తీరా చూసుకుంటే వాళ్ళ దగ్గర పాట లేదు.

"మీ దగ్గరే లేకపోవడమేమిటండీ?" అన్నారు మాస్టారు.

"గడువు కాగానే మేమే చెరిపేస్తామండి. కాపీలు పేరుకుపోతే ఎవరైనా వాడేసుకుంటారని మా రూలు. ఇక్కడెవరో రికార్డు చేశారని తెలిసి ఆశతో వచ్చాం." అతను రోటి వైపు మళ్ళీ చూశాడు. "ఇంకేదైనా రూపంలో ఉందా సార్? ఏ రూపంలో ఉన్నా ఫర్వాలేదు."

క్యాంటీన్లో అందరూ నా వెనక నిలబడ్డ హైమ వైపు తిరిగారు. ఆ పిల్ల సర్టిఫికెట్ల కవరు గుండెలకి హత్తుకుని ఉంది.

"ఈ అమ్మాయి ఎర్రమ్మ గారి మనవరాలండీ!" అన్నారు ప్రిన్సిపాల్, తనే కనిపెట్టినట్టు. "మా కాలేజీ ఆణిముత్యం! మొత్తం పాట అక్షరం పొల్లు పోకుండా వచ్చు. అమ్మా హైమావతీ, కూర్చో తల్లీ. కుర్చీ వెయ్యండర్రా."

"వాళ్ళ అమ్మమ్మే దిగివచ్చినట్టు పాడుతుందండీ" అన్నారు విశ్వంభరం గారు. ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది. "అమ్మా, టీవీ పాటతో మనకి పనిలేదు. అది వారిది. నీ ఇంటి పాటే పాడు. అది నీదే, పిత్రార్జితం, అప్పుడే చెప్పాను కదా. ఎత్తుకో తల్లీ. ఏరు మా ఇంటికి..."

చానెలు వాళ్ళ కుర్రాడు కెమెరా భుజానికెత్తుకున్నాడు. ఎర్రలైటు వెలిగింది. ఆ ముందురోజే హైమ వాళ్ళ పెరట్లో బట్టలారేస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటే నేను గోడవతల నిలబడి మొత్తం విన్నాను. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు. నేను క్యాంటీన్ పైకప్పు చూస్తూ నిలబడ్డాను.

హైమ కుర్చీలో కూర్చోలేదు. కవరు ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఇంటిదేదో, టీవీదేదో హద్దు తెలీలేదండి. మీరే చెప్పారు గదా, రెండూ ఖాళీ చేసీసేను."